25 అడుగుల స్థలంలో ఎన్ని ఊళ్లు: లోయర్ ఈస్ట్ సైడ్ ఎలా మారుతూ వచ్చింది

న్యూయార్క్ నగరంలో, మన్‌హట్టన్ దక్షిణ భాగాన ఉన్న లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో, ఈస్ట్ బ్రాడ్‌వే మీద 175వ నంబరు భవనం పదంతస్తుల మేడ. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో వచ్చే దినపత్రిక 'ఫోర్వర్ట్స్' 1912లో తన ఆఫీసు కోసం కట్టించుకున్నది. కుట్టుపని చేసుకునే వలస కూలీలు చదివే సోషలిస్టు పత్రిక కాబట్టి, ముఖద్వారం పైన మార్క్స్, ఎంగెల్స్ ముఖాలు చెక్కించారు. 1970ల్లో పత్రిక ఆ చోటు వదిలేసింది. భవనం చైనీయుల క్రైస్తవ సంస్థ చేతికి వెళ్లింది. 2000ల నాటికి లోపలంతా మార్చి ఖరీదైన అపార్టుమెంట్లు చేసి అమ్మారు. రాతి ముఖాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఈ పేట కథ ఎవరు చెప్పినా ఒకటే వరస. ముందు జర్మన్లు, తర్వాత యూదులు, పక్కన ఇటాలియన్లు, వాళ్ల వెనక ప్యూర్టోరికన్లు, చైనీయులు, ఆఖరికి డబ్బున్న కుర్రకారు. వరస తప్పేమీ కాదు గానీ, అందులో 'ఎందుకు' అన్నది ఉండదు. పదిమంది కిక్కిరిసి ఉన్న గది ఒకనాడు ఎందుకు ఖాళీ అయింది? ఖాళీ అయిన గదిలోకి ఫలానావాళ్లే ఎందుకు రాగలిగారు? అందరూ వెళ్లిపోతుంటే కొందరు మాత్రం ఎలా నిలదొక్కుకున్నారు?

వీటికి జవాబులు మనుషుల ఇష్టాయిష్టాల్లో కన్నా స్థలం కొలతల్లో, వలస చట్టాల్లో, రైలు టికెట్టులో, అద్దె నిబంధనల్లో ఎక్కువ దొరుకుతాయి. పైగా వీటన్నిటి నడకా ఒకటి కాదు. చట్టం ఒక్క సంతకంతో మారిపోతుంది. వంతెన కట్టడానికి ఏళ్లు పడుతుంది. దుకాణం ఒక తరమో రెండు తరాలో నడుస్తుంది. ఇటుక గోడ నూరేళ్లు దాటినా కూలదు. అందుకే ఏ కాలంలో చూసినా ఆ వీధుల్లో గోడలు ఒకరివి, బోర్డులు ఇంకొకరివి, మేడమీద కాపురాలు మరొకరివి.

స్థలం చేసిన నిర్ణయం

ఇక్కడి భూమిని చాలావరకు 25 అడుగుల వెడల్పు, సుమారు 100 అడుగుల లోతు ముక్కలుగా అమ్మారు. ఒక కుటుంబం ఉండే ఇల్లయితే ఆ కొలత సరిపోతుంది. దాన్నే అయిదారు అంతస్తులు లేపి, అంతస్తుకు నాలుగు వాటాల చొప్పున అద్దెకివ్వాలంటే గాలీ వెలుతురూ వచ్చే దారి ఉండదు. ఇటూ అటూ పక్కవాళ్ల గోడలు ఆనుకుని ఉంటాయి. కిటికీ పెట్టడానికి మిగిలేది వీధి వైపు, పెరటి వైపు, అంతే.

ఆర్చర్డ్ వీధిలో 97వ నంబరు ఇల్లు ఇందుకు మంచి నమూనా. లూకాస్ గ్లాక్‌నర్ అనే జర్మన్ దర్జీ 1863లో కట్టించాడు. కింద దుకాణాలు, పైన 20 వాటాలు. ఒక్కో వాటా దాదాపు 325 చదరపు అడుగులు, మూడు గదులు. ముందు గది పన్నెండున్నర అడుగులు, పదకొండు అడుగులు. దాని వెనక వంటగది. ఆ వెనక ఎనిమిదిన్నర అడుగుల చదరపు పడకగది. ఎండపొడ నేరుగా పడేది ముందు గదిలోనే. వంటగదికి అక్కణ్ణుంచి వచ్చిన వెలుతురే దిక్కు. పడకగదిలో పగలు కూడా దీపం కావాలి. కట్టిన కొత్తలో మరుగుదొడ్లు పెరట్లో ఉండేవి, నీళ్లూ అక్కణ్ణుంచే మెట్లెక్కి మోసుకోవాలి. 1863 నుంచి 1935 దాకా ఈ ఒక్క ఇంట్లో 20కి పైగా దేశాలనుంచి వచ్చిన సుమారు 7,000 మంది కాపురం ఉన్నారని అంచనా.

వాటాలో ఉన్నది ఒక్క కుటుంబమే అయితే ఇరుకు అంత ఉండేది కాదు. కుట్టుపని సీజన్లవారీగా దొరికేది. కొన్ని నెలలు రాత్రింబవళ్లు పని, కొన్ని నెలలు ఖాళీ. అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ఆ లోటు పూడ్చుకోవడానికి వంటగదిలోనో ముందు గదిలోనో మంచమో చాపో వేసి, ఒంటరిగా వచ్చిన కుర్రాళ్లను పెట్టుకునేవాళ్లు. కొత్తగా ఓడ దిగిన తమ ఊరివాడికి పడుకోవడానికి చోటు, భాష తెలిసినవాళ్ల తోడు. ఇంటివాళ్లకు అద్దెలో కొంత భాగం. కిక్కిరిసి ఉండటం వాళ్ల అలవాటు అని అప్పటి పత్రికలు రాసేవి. నిజానికది అద్దెకూ కూలికీ మధ్య ఉన్న తేడా.

పగలు ఆ గదే పనిచోటు. తయారీదారు కత్తిరించిన గుడ్డను మూటలు కట్టి కాంట్రాక్టరుకు ఇస్తాడు. కాంట్రాక్టరు ఇంట్లో మిషను తొక్కేవాడు ఒకడు, టాకాలు వేసేవాడు ఒకడు, బొత్తాలూ అంచులూ కుట్టే ఆడవాళ్లు ఇద్దరు, ఇస్త్రీ చేసేవాడు ఒకడు. ఇస్త్రీపెట్టెలు వంట పొయ్యి మీదే కాగాలి కాబట్టి ఎండాకాలంలో కూడా పొయ్యి మండుతూనే ఉండాలి. కూలి గంటకు కాదు, ముక్కకు ఇంత. ముక్క ధర తగ్గినప్పుడల్లా పని గంటలు పెరిగేవి. కుటుంబ సభ్యులు కానివాళ్లతో ఇంట్లో ఇలా పని చేయించకూడదని 1892లో రాష్ట్రం చట్టం చేసింది. దాంతో పని క్రమంగా ఇళ్లలోంచి పెద్ద గోదాముల్లాంటి ఫ్యాక్టరీ అంతస్తుల్లోకి జరిగింది. అక్కడా భద్రత అంతంతమాత్రమే. 1911 మార్చి 25న ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో మంటలు చెలరేగి 146 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఈ పేటలో కాపురముండే అమ్మాయిలే.

మంచి కోసం చేసిన చట్టం చెడగొట్టిన ఇల్లు

ఇళ్ల మీద మూడు చట్టాలు వచ్చాయి. 1867 నాటిది మంటలొస్తే దిగడానికి బయట ఇనుప మెట్లు, ప్రతి 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలంది. 1879 నాటిది ప్రతి గదికీ బయటి గాలి వచ్చే కిటికీ ఉండాలంది. వినడానికి బాగుంది. కానీ స్థలం వెడల్పు అదే 25 అడుగులు. ఇంటివాళ్లు అద్దె గదులు వదులుకోకుండా చట్టాన్ని పాటించే దారి వెతికారు. ఒక పత్రిక పెట్టిన పోటీలో జేమ్స్ వేర్ అనే ఆర్కిటెక్టు గీసిన ప్లాను గెలిచింది. భవనాన్ని నడుమ దగ్గర కాస్త లోపలికి నొక్కితే, పక్క భవనానికీ దీనికీ మధ్య సందు ఏర్పడుతుంది. ఒక్కో భవనం లోపలికి వెళ్లేది 28 అంగుళాలు. రెండూ కలిపితే ఐదడుగులు కూడా నిండని సందు, అయిదారు అంతస్తుల లోతు. పైనుంచి చూస్తే డంబెల్ ఆకారం, ఆ పేరే స్థిరపడింది.

ఆ సందుల్లో ఏమైందో చూస్తే, చట్టంలో రాసిన మాటకూ గోడల మధ్య జరిగే పనికీ ఎంత దూరమో తెలుస్తుంది. పై అంతస్తుకు కాస్త వెలుతురు వచ్చింది. కింది అంతస్తులకు చీకటే. అడుగున చేరిన చెత్తను ఊడ్చడానికి చాలాచోట్ల తలుపు కూడా లేదు. పై వాటాలవాళ్లు కిటికీలోంచి పడేసినదల్లా అక్కడే కుళ్లేది. కంపు భరించలేక కిటికీలు మూసుకునేవాళ్లు, అంటే గాలి కోసం పెట్టిన కిటికీ మూతపడే ఉండేది. ఎదుటింటి మాటలు, పసిపిల్లల ఏడుపులు సందులోంచి నేరుగా లోపలికి. అన్నిటికన్నా ప్రమాదం మంటలు. కింద నిప్పంటుకుంటే సందు పొగగొట్టంలా మంటను పైకి పీల్చి ప్రతి అంతస్తులోకీ పంపేది.

ఇరవై ఏళ్ల తర్వాత 1901 చట్టం ఈ ప్లానును నిషేధించింది. సందు బదులు వెడల్పాటి ముంగిలి, ప్రతి వాటాకూ సొంత మరుగుదొడ్డి, స్థలంలో 70 శాతానికి మించి కట్టకూడదన్న నియమం. ఇవన్నీ పాటిస్తూ 25 అడుగుల ముక్కలో కడితే లాభం ఉండదు. అందుకే కొత్త భవనాలు రెండేసి స్థలాలు కలిపి కట్టుకున్నారు. నది అవతల, ఖాళీ నేల దొరికే బ్రాంక్స్, బ్రూక్లిన్‌లలో ఇంకా ఎక్కువగా కట్టారు. పాత భవనాలను కూల్చమని చట్టం అనలేదు. మరుగుదొడ్లు లోపలికి తెమ్మంది, చీకటి గదుల గోడల్లో కిటికీలు కొట్టమంది. 97 ఆర్చర్డ్‌లో 1905లో అంతస్తుకు రెండు మరుగుదొడ్లు వచ్చాయి, నాలుగు కుటుంబాలకు రెండు.

కాబట్టి మంచి ఇళ్లు నది అవతల కొత్తగా లేస్తున్నాయి, చెడ్డ ఇళ్లు ఇక్కడే నిలిచి ఉన్నాయి. మధ్యలో కావలసింది దారి ఒక్కటే.

వంతెన, ఐదు సెంట్లు

అంతకుముందే ఒక జనం ఖాళీ చేసి వెళ్లింది. టాంప్‌కిన్స్ స్క్వేర్ చుట్టుపక్కల పంతొమ్మిదో శతాబ్దం నడిమి దశాబ్దాల్లో జర్మన్ల పేట, 'క్లైన్‌డాయిచ్‌లాండ్', ఉండేది. చేతిలో పనితనం ఉన్నవాళ్లు. రెండో తరానికి ఆదాయం పెరిగి ఉత్తరాన యార్క్‌విల్ వైపు కదలడం మొదలైంది. 1904 జూన్ 15న సెయింట్ మార్క్స్ లూథరన్ చర్చి విహారయాత్రకు తీసుకెళ్లిన 'జనరల్ స్లోకమ్' ఓడ కాలిపోయి వెయ్యికి పైగా మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. జర్మన్ పేట దీంతోనే అంతమైందని చాలామంది చెబుతారు. అది సగం నిజం. వెళ్లడం ముందే మొదలైంది, మిగిలినవాళ్లకు ఆ వీధుల్లో ఉండే మనసు పోయింది. ఆరో వీధిలోని ఆ చర్చి 1940లో యూదుల ప్రార్థనా మందిరమైంది. అలాంటిదే ఇంకొకటి, 1826లో మెథడిస్టులు కట్టిన చర్చి 1905 నుంచి బియాలిస్టాకర్ సినగాగ్‌గా నడుస్తోంది.

1881 తర్వాత రష్యా సామ్రాజ్యంలో దాడులు, పేదరికం తరిమితే వచ్చిన యూదులు వీధుల్ని ఊళ్లవారీగా పంచుకున్నట్టు స్థిరపడ్డారు. హంగరీవాళ్లు ఉత్తరాన, రుమేనియావాళ్లు ఒక చోట, రష్యా వైపువాళ్లు దక్షిణాన. పెద్ద బ్యాంకులు వీళ్ల ముఖం చూడవు. అందుకని సొంత ఊరి సంఘాలు చావుపుట్టుకలకు ఆదుకునేవి, 1892లో మొదలైన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ వడ్డీ లేని అప్పు ఇచ్చేది, పేటలోని బ్యాంకులు వాయిదాల మీద ఓడ టికెట్లు అమ్మేవి. నమ్మకం మీద నడిచే ఈ బ్యాంకులు నమ్మకం సడలితే ఒక్కరోజు నిలవలేవు. కెనాల్ వీధి మూల మీద జార్ములోవ్‌స్కీ బ్యాంకు 1912లో పెద్ద భవనం కట్టింది. 1914లో యూరప్‌లో యుద్ధం మొదలవగానే, అక్కడి బంధువులకు పంపాలని డిపాజిటర్లంతా ఒక్కసారి డబ్బు వెనక్కి అడిగారు. బ్యాంకు మూతపడింది. ఇప్పుడా భవనం ఒక ఖరీదైన హోటలు.

1910లో పేట జనాభా 5 లక్షలు దాటింది. అదే గరిష్ఠం. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో సగానికి పడిపోయింది. వీధులు పాడైపోయి జనం పారిపోలేదని గమనించాలి. స్యూవర్డ్ పార్కు ఆటస్థలం 1903లో వచ్చింది, లైబ్రరీ 1909లో వచ్చింది, హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అనే సేవా సంస్థ నర్సులు ఇంటింటికీ తిరుగుతున్నారు. అన్నీ మెరుగవుతున్నప్పుడే జనం వెళ్లారు. ఎందుకంటే 1903 డిసెంబరులో విలియమ్స్‌బర్గ్ వంతెన తెరిచారు, 1909లో మన్‌హట్టన్ వంతెన తెరిచారు, మధ్యలో 1904లో సబ్‌వే మొదలైంది. సబ్‌వే టికెట్టు 1948 దాకా ఐదు సెంట్లే. దూరం ఎంతైనా అదే. పని ఇక్కడ, ఇల్లు బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్‌లోనో బ్రాంక్స్‌లోనో పెట్టుకోవడం మొదటిసారి కూలివాడికి కూడా కుదిరింది. పైగా వంతెన దిగే దారి కోసం డెలాన్సీ వీధిని వెడల్పు చేస్తూ, పార్కుల కోసం, బడుల కోసం వరసలకు వరసలు ఇళ్లు కూల్చారు. అలా ఇళ్లు పోయినవాళ్లే వంతెన దాటినవాళ్లలో ముందున్నారు.

ఎవరైనా వెళితే ఆ చోటికి కొత్తగా ఓడ దిగినవాళ్లు వస్తారన్నది అప్పటిదాకా నడిచిన పద్ధతి. 1924 నాటి వలస చట్టం దాన్ని ఆపేసింది. 1890 జనాభా లెక్కల్లో ఒక్కో దేశంవాళ్లు ఎంతమంది ఉన్నారో అందులో 2 శాతం మాత్రమే ఏటా రావాలంది. 1890ని ఎంచుకోవడం కావాలని చేసిందే. తూర్పు యూరప్, ఇటలీ జనం పెద్ద ఎత్తున రావడం ఆ తర్వాతే కాబట్టి వాళ్ల వాటా తక్కువగా తేలుతుంది. బయటికి పోయే తలుపు తెరిచే ఉంది, లోపలికి వచ్చే తలుపు మూసుకుంది.

మేడ మూసి, కింద దుకాణం తెరిచి

అద్దెకుండేవాళ్లు తగ్గిపోయిన సమయంలోనే నగరం పాత ఇళ్లకు మరిన్ని మరమ్మతులు చేయమంది, చెక్క మెట్ల బదులు మంటలు తట్టుకునే మెట్లు వగైరా. 97 ఆర్చర్డ్ యజమాని లెక్క వేసుకున్నాడు. మరమ్మతుల ఖర్చు, వచ్చే అద్దెలు సరితూగలేదు. 1935లో పై అంతస్తులవాళ్లను ఖాళీ చేయించి తాళం వేశాడు. కింద దుకాణాల అద్దె మాత్రం పన్నులకు సరిపోయింది. అలా తాళం పడిన గదులు యాభై ఏళ్లకు పైగా, గోడల మీద పొరలు పొరలుగా కాగితాలతో సహా, అలాగే ఉండిపోయాయి. 1988లో మొదలైన టెనెమెంట్ (పాత అద్దె మేడల) మ్యూజియం చేతికి అవి దొరికాయి.

దుకాణాల సంగతి వేరుగా చూడాలి. ఆర్చర్డ్ వీధిలో తోపుడు బండ్లను మేయర్ లగార్డియా కాలంలో వీధుల్లోంచి తీసేశారు, 1940లో తెరిచిన ఎసెక్స్ వీధి మార్కెట్టులోకి పంపారు. మిగిలిన బట్టల దుకాణాలు మాత్రం, పేటలో యూదులు తగ్గిపోయిన తర్వాత కూడా దశాబ్దాల పాటు నడిచాయి. కారణం ఒక చిన్న మెలిక. రాష్ట్రంలో ఆదివారం అమ్మకాలపై ఆంక్షలుండేవి. యూదులకు విశ్రాంతి దినం శనివారం కాబట్టి, వాళ్ల కొట్లు ఆదివారం తెరిచి ఉండేవి. నగరమంతా మూసి ఉన్న రోజున తగ్గింపు ధరలకు బట్టలు దొరికే చోటు ఇదొక్కటే. పేట వదిలి వెళ్లినవాళ్లు కూడా ఆదివారం కార్లేసుకుని ఇక్కడికే వచ్చేవాళ్లు. 1976లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆదివారపు ఆంక్షల్ని కొట్టేసింది. శివారు మాల్స్ ఆదివారం తెరుచుకున్నాయి. ఆర్చర్డ్ వీధి గిరాకీ తగ్గడం అక్కణ్ణుంచి చూడాలి.

ఇల్లు ఎలా చచ్చిపోతుంది

1924 తలుపు ప్యూర్టోరికన్లకు వర్తించలేదు. 1917 నుంచి వాళ్లు అమెరికా పౌరులు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శాన్ హువాన్ నుంచి చవక విమానాలు మొదలవగానే పెద్ద సంఖ్యలో వచ్చారు. ఈ పేటను తమ నోట 'లోయిసైడా' అని పిలుచుకున్నారు. అయితే వాళ్లు వచ్చిన సమయం చాలా చెడ్డది. వలసవాళ్లకు పని పెట్టిన ఫ్యాక్టరీలు నగరం వదిలిపోతున్నాయి. భవనాలకు డెబ్బై ఎనభై ఏళ్లు. 1930ల్లో ప్రభుత్వ గృహరుణ సంస్థ గీసిన మ్యాపుల్లో పేటంతా ఎర్ర రంగు, అంటే అప్పు ఇవ్వదగని చోటు.

1970ల్లో ఇళ్లు కాలిపోవడం, శిథిలమవడం అద్దెకున్నవాళ్ల నిర్లక్ష్యం అని ఇప్పటికీ రాస్తుంటారు. అది అన్యాయం. జరిగిన క్రమం ఇది. బ్యాంకు అప్పు ఇవ్వదు కాబట్టి ఇంటిని వేడిగా ఉంచే బాయిలరు పాడైతే కొత్తది పెట్టడానికి యజమానికి డబ్బు దొరకదు, అమ్ముదామంటే కొనేవాడికీ అప్పు దొరకదు. ఆ బాయిలర్లకు కావలసిన చమురు ధర 1973 తర్వాత పెరిగింది. అప్పుడు కొందరు యజమానులు పెట్టుబడి ఆపి పిండుకోవడం మొదలుపెట్టారు. ముందు మరమ్మతులు, తర్వాత వేడి, ఆ తర్వాత ఆస్తిపన్ను మానేస్తారు, అద్దె మాత్రం వసూలు చేస్తారు. చలికి పైపులు పగిలి నీళ్లు పారతాయి, పై అంతస్తులు ఖాళీ అవుతాయి, రాగి పైపులు దొంగలు పీక్కుపోతారు. చివరికి బీమా డబ్బు కోసం నిప్పు. పన్ను బకాయి మూడేళ్లు దాటితే నగరం స్వాధీనం చేసుకునేది. 1976లో ఆ గడువును ఒక ఏడాదికి తగ్గించారు, యజమానులు త్వరగా కడతారని. వాళ్లు కట్టలేదు, వదిలేశారు. దివాలా అంచున ఉన్న నగరమే వేల వాటాలకు ఇంటి యజమాని అయి కూర్చుంది.

మిగిలినవాళ్లు ఖాళీ స్థలాలు శుభ్రం చేసుకున్నారు. బవరీ, హ్యూస్టన్ వీధుల మూలలో 1973లో మొదలైన తోట ఇప్పటికీ ఉంది. కొన్ని భవనాల్లో అద్దెకున్నవాళ్లే తాపీ, ప్లంబింగ్ నేర్చుకుని, నగరం నుంచి నామమాత్రపు ధరకు కొనుక్కుని సహకార సంఘాలు పెట్టుకున్నారు. ఆ సంఘాల్లో ఉన్నవాళ్లు తర్వాత అద్దెల వరద వచ్చినప్పుడు కొట్టుకుపోలేదు.

చైనాటౌన్: 105 మంది నుంచి

మాట్, పెల్, డాయర్స్ వీధుల చైనాటౌన్ చాలాకాలం అంగుళం పెరగలేదు. 1882 నాటి నిషేధ చట్టం చైనా కూలీలను రానివ్వలేదు, 1875 నాటి చట్టం వల్ల ఆడవాళ్లు రావడం అంతకుముందే కష్టమైంది. మగవాళ్లు మాత్రమే ఉన్న ఆ వీధుల్లో లాండ్రీలు, భోజనశాలలే ఆధారం. 1943లో నిషేధం ఎత్తేసి ఏడాదికి 105 మందిని అనుమతించారు. 1965 వలస చట్టం దేశానికి 20,000 వరకు అవకాశమిచ్చి, కుటుంబ సభ్యులకు ముందు వరస ఇచ్చాక కథ మారింది. కెనాల్ వీధి దాటి చైనాటౌన్ తూర్పుకు పాకింది. ఖాళీగా, చవకగా పడి ఉన్న ఫ్యాక్టరీ అంతస్తులు కుట్టుపనికి సిద్ధంగా ఉన్నాయి. యూదు, ఇటాలియన్ అమ్మాయిలు తొక్కిన మిషన్ల చోట 1980ల తొలినాళ్లకు దాదాపు 20,000 మంది చైనా ఆడవాళ్లు. యూనియనూ అదే, లేడీస్ గార్మెంట్ వర్కర్స్. 1982 జూన్‌లో కాంట్రాక్టు మీద సంతకం పెట్టబోమన్న యజమానులకు జవాబుగా వేలమంది కొలంబస్ పార్కులో చేరారు. మావాళ్లు మాట దాటరు అనుకున్న కాంట్రాక్టర్లు వరసగా సంతకాలు పెట్టారు.

కుట్టుపని చైనాటౌన్‌కు జీతం ఒక్కటే ఇవ్వలేదు. యూనియన్ ద్వారా కుటుంబానికంతటికీ ఆరోగ్య బీమా వచ్చేది, అందుకే భర్త హోటల్లో, భార్య మిషను మీద అన్నది ఇంటింటి ఏర్పాటు. సాయంత్రం ఫ్యాక్టరీ వదిలాక ఆడవాళ్లు దారిలో కూరగాయలు, చేపలు కొనుక్కుని ఇంటికెళతారు, ఆ గిరాకీ మీద వీధి దుకాణాలు నిలబడతాయి. వ్యాపారం పెట్టడానికి పెట్టుబడి 'హుయ్' నుంచి. పదిమంది నెలనెలా ఇంత అని వేసి ఒక్కొక్కరు ఒక్కో నెల ఎత్తుకోవడం, అచ్చం మన చిట్టీయే. 2001 సెప్టెంబరు 11 తర్వాత కెనాల్ దిగువ వీధుల్ని మూసేసినప్పుడు ఈ గొలుసు ఒక కొసన తెగింది. లారీలు రాక ఆర్డర్లు పోయాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వాటితో బీమా, సాయంత్రపు గిరాకీ కూడా.

మధ్యలో ఇంకో మార్పు లోపలే జరిగింది, బయటివాళ్లకు కనిపించదు. పాతవాళ్లు తైషాన్, కాంటన్ వైపువాళ్లు. 1980ల నుంచి ఫుజియాన్‌వాళ్లు పెద్ద అప్పులు తలకెత్తుకుని వచ్చారు. భాష వేరు, సంఘాలు వేరు. మాట్ వీధిలో చోటు దొరకక ఈస్ట్ బ్రాడ్‌వే మీద స్థిరపడ్డారు. 1997లో చాతమ్ స్క్వేర్‌లో పెట్టిన నల్లమందు వ్యాపారాన్ని ఎదిరించిన చైనా అధికారి లిన్ జెషు విగ్రహం వాళ్ల ప్రాంతపు మనిషిదే. అక్కడ అద్దెలు పెరిగాక N రైలెక్కి బ్రూక్లిన్ సన్‌సెట్ పార్కుకు వెళ్లారు. సుమారు వందేళ్ల కిందట యూదులు దాటినట్టే నది దాటి.

900 డాలర్లు 2,000 ఎలా అవుతుంది

అద్దెలు పెరిగాయి అనడం సరిపోదు, అవి పెరిగే మర చూడాలి. నగరంలో పాత భవనాల అద్దెలకు పరిమితి ఉంది. 1997 తర్వాత కొన్నేళ్లు నడిచిన నియమం ఏమిటంటే, వాటా ఖాళీ అయినప్పుడు చట్టబద్ధమైన అద్దె 2,000 డాలర్లకు చేరితే ఆ వాటా పరిమితి నుంచి శాశ్వతంగా బయటపడేది. ఖాళీ అయి, కొత్తవాళ్లు రెండేళ్ల ఒప్పందం రాస్తే అద్దె 20 శాతం పెంచే వీలుండేది. ఖాళీగా ఉన్నప్పుడు చేసిన మరమ్మతుల ఖర్చులో నలభయ్యో వంతు నెల అద్దెకు కలిపే వీలుండేది.

900 డాలర్లున్న వాటా తీసుకుందాం. ఖాళీ అయితే 180 కలిసి 1,080. ఇంకా 920 కావాలి. దాన్ని 40తో గుణిస్తే 36,800. అంటే కొత్త వంటగది, స్నానాలగది, నేల పేరిట 36,800 డాలర్ల బిల్లులు చూపిస్తే వాటా ఆ గీతను చేరుతుంది. నలభై నెలల్లో ఖర్చు తిరిగి వస్తుంది, పెంపు ఎప్పటికీ ఉంటుంది. ఈ లెక్కలో అడ్డు ఒక్కటే, ఖాళీ చేయని మనిషి. శీతాకాలంలో వేడి తగ్గించడం, పక్క వాటాలో నెలల తరబడి కొట్టుడు పని, డబ్బిస్తాం వెళ్లిపొమ్మని పదేపదే తలుపు తట్టడం, ఇవన్నీ ఆ ఖాళీ కోసమే. ఇంగ్లిషు రాని ముసలివాళ్లు ముందు లొంగుతారు. 2019లో రాష్ట్రం ఈ దారి మూసేసింది, అప్పటికే బయటపడ్డ వాటాలు మాత్రం వెనక్కి రాలేదు. 2008లో నగరం 111 బ్లాకుల్లో భవనాల ఎత్తుకు పరిమితి పెట్టినప్పుడు చైనాటౌన్ చాలావరకు ఆ గీత బయట ఉండిపోయింది. కట్టాలనుకున్నవాళ్ల చూపు సహజంగానే అటు మళ్లింది.

ఇంత ఒత్తిడిలోనూ నిలిచింది ఎవరని చూస్తే, అద్దె మీద కాక హక్కు మీద ఉన్నవాళ్లు. మాట్ వీధిలో వంశ సంఘాలకు సొంత భవనాలున్నాయి, అందుకే పాత చైనాటౌన్ నడిబొడ్డు ఇంకా చైనాటౌనే. గ్రాండ్ వీధిలో దర్జీల యూనియన్లు 1950ల్లో కట్టిన సహకార గృహాల్లో యూదు కుటుంబాలు మిగిలాయి. 1935 నాటి ఫస్ట్ హౌసెస్‌తో మొదలైన నగర ప్రభుత్వ ఇళ్లలో ప్యూర్టోరికన్, చైనీయ కుటుంబాలు ఉన్నాయి.

ఆ హక్కు కాగితం మీద ఉంటే చాలదని డెలాన్సీ వీధి దక్షిణాన తెలిసింది. 1967 నుంచి అక్కడ పునర్నిర్మాణం పేరిట 1,800కి పైగా కుటుంబాలను, ఎక్కువగా ప్యూర్టోరికన్లను, ఖాళీ చేయించి ఇళ్లు కూల్చారు. కొత్త ఇళ్లలో వాళ్లకే ముందు చోటు అన్నారు. పేదల ఇళ్లు ఎన్ని కట్టాలన్న తగవు తెగక ఆ నేల నాలుగు దశాబ్దాలకు పైగా కార్లు నిలుపుకునే స్థలంగా పడి ఉంది. 2012లో ప్లాను ఆమోదించారు. ఎసెక్స్ క్రాసింగ్ పేరుతో వెయ్యికి పైగా వాటాలు, దాదాపు సగం తక్కువ అద్దెకు. 2018లో తొలి కాపురాలు వచ్చాయి. పాత కుటుంబాలకు ముందు వరస ఇచ్చారు. 1967లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు అప్పటికి డెబ్బై దాటాయి.